ఫ్యాక్టరీ స్పోర్ట్స్ కారు కొని దాచుకుంటే లాభమా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోర్ట్స్ కారు మీద డబ్బు పెట్టాలనుకునేవాళ్ల సందేహాలు తిరిగి తిరిగి ఇవే. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం. కొనాలా వద్దా అన్న ఆలోచన దగ్గర్నుంచి అమ్మకం దాకా దశలవారీగా పెట్టాం గానీ, ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడి మాటలన్నీ వేలల్లో, లక్షల్లో తయారైన కార్లకే వర్తిస్తాయి. చేత్తో పదులు, వందల్లో కట్టిన కార్ల లెక్క వేరు.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

లక్షల్లో తయారైన కారుకు నిజంగా విలువ పెరుగుతుందా?

కొన్నిటికి పెరుగుతుంది. డాట్సన్ 240జెడ్ కార్లు లక్షన్నరకు పైగా తయారయ్యాయి. అయినా 1971 నాటి కారొకటి, 21 వేల మైళ్లు మాత్రమే తిరిగినది, 2020 జనవరిలో అమెరికాలో ఒక ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. అదే ఏడాది తయారై, తుప్పు పట్టి, ఇంజిన్ మారిన 240జెడ్‌కు అందులో పదో వంతు రావడమే కష్టం.

ధరను తేల్చేది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలిన కార్లు ఎన్ని అన్న లెక్క. చవక స్పోర్ట్స్ కార్లను మొదటి ఓనర్లు దాచుకోరు. తోలి తోలి అరగదీస్తారు, ట్రాక్ మీదికి దింపుతారు, నచ్చినట్టు మార్చుకుంటారు. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఎవరూ చెయ్యిపెట్టని కారు అరుదైపోతుంది. మామూలు స్థితిలో ఉన్నవి మాత్రం ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. మాజ్డా ఎంఎక్స్-5 తయారీ 2016 ఏప్రిల్‌లో 10 లక్షలు దాటింది. అన్ని కార్లున్నచోట ఒక సాదాసీదా కారు కోసం ఎవరూ వెతుక్కుంటూ రారు.

ఖర్చులన్నీ పోను చేతికి ఏమైనా మిగులుతుందా?

కాగితం మీద వేసి చూడండి. కారు ధర 100 అనుకుందాం. కొనేటప్పుడు రుసుములు, రవాణా, రిజిస్ట్రేషన్ కలిపి 5. షెడ్డు అద్దె, బీమా, సర్వీసు, టైర్లు కలిపి ఏడాదికి 6. పదేళ్లు ఉంచితే 60. మొత్తం మీ జేబులోంచి పోయింది 165. అమ్మేటప్పుడు 8 శాతం కమీషన్ పోతుంది గనక 179కి పైన అమ్మితేనే పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంది. ధర ఏటా సుమారు 6 శాతం చొప్పున పదేళ్లు పెరిగితే మీ లాభం సున్నా అన్నమాట. ద్రవ్యోల్బణాన్ని ఇందులో ఇంకా కలపలేదు.

కారు చవకదైతే ఈ లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. 25 పెట్టి కొన్న కారుకూ అంతే జాగా కావాలి, అవే నాలుగు టైర్లు కావాలి, మెకానిక్ కూలీ కూడా అంతే. ఏడాదికి 4 ఖర్చు వేసుకున్నా, అదే 5 శాతం రుసుము, 8 శాతం కమీషన్ కలిపితే పదేళ్ల తర్వాత 72కి అమ్మాలి. కొన్న ధరకు దాదాపు మూడు రెట్లు, ఏటా 11 శాతం పైమాట. ఫ్యాక్టరీ స్పోర్ట్స్ కార్లలో ఎక్కువ శాతం పెట్టుబడిగా నష్టపోయేది ఈ నిర్వహణ ఖర్చు దగ్గరే. కొన్న ధర, అమ్మిన ధర రెండే చెప్పి మురిసిపోయేవాళ్లు మధ్యలో పోయిన పదేళ్ల బిల్లులు చెప్పరు.

సొంత షెడ్డు ఉండి, సర్వీసు పనులు సొంతంగా చేసుకోగలిగినవారికి మాత్రం లెక్క బాగా మారుతుంది.

షేర్లు, బంగారం కంటే ఇది మేలా?

డబ్బు పెంచుకోవడమొక్కటే లక్ష్యమైతే కాదు. కారు వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు, అవసరానికి మర్నాడే డబ్బుగా మారదు. పైగా మీ పెట్టుబడి అంతా ఒక్క వస్తువులో ఉంటుంది. ఒక్క ప్రమాదం, ఒక్క ఇంజిన్ పని చాలు లెక్క తలకిందులు కావడానికి. పత్రికల్లో కనిపించే క్లాసిక్ కార్ల సూచీలు పైశ్రేణి కార్ల ధరలను చూపిస్తాయి, వాటిని నిలబెట్టడానికి అయిన ఖర్చును తీసేయవు. తోలే ఆనందానికి మీరు విలువ కడతారంటేనే ఈ దారిలోకి రండి.

కొత్త కారు కొని తిప్పకుండా దాచేస్తే?

మొదటి పదేళ్లలో పోయే విలువంతా మీ నెత్తినే పడుతుంది. ఆ పదేళ్లూ డబ్బు ఇరుక్కుపోతుంది, వారంటీ వాడకుండానే ముగిసిపోతుంది. ఫ్యాక్టరీ స్పోర్ట్స్ కారు ధర సాధారణంగా 12 నుంచి 20 ఏళ్ల వయసులో అడుగు తాకుతుంది. అక్కడ కొన్నవారికి ఇంకా పడిపోవడానికి పెద్దగా మిగిలి ఉండదు.

"లిమిటెడ్ ఎడిషన్" అని ప్లేటు కొట్టి ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?

ఈ ప్లేటే ఎక్కువమందిని ముంచింది. 1978లో షెవర్లే కార్వెట్ ఇండీ పేస్ కార్ (ఇండియానాపోలిస్ రేసులో ముందు నడిచే కారు) ఎడిషన్ వచ్చింది. మొత్తం 6,502 కార్లు, లిస్టు ధర సుమారు 13,650 డాలర్లు. రేపు లక్షలవుతుందని చాలామంది సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా దాచారు. అమెరికా ద్రవ్యోల్బణం లెక్కన ఆ డబ్బుకు 2023లో 60 వేల డాలర్లకు పైన రావాలి. ఆ కార్లలో అత్యధికం ఆ దరిదాపులకు రాలేదు. అందరూ దాచేసరికి అన్నీ బాగానే మిగిలాయి, అరుదు అన్న మాటే లేకుండా పోయింది.

తయారీదారు మాట మీద నిలబడిన అరుదుతనం కూడా గట్టిది కాదు. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడో ఓపెన్ టాప్‌ను అమెరికాలో అలాంటి చివరి కారని చెప్పుకున్నారు. జనం లిస్టు ధర మీద అదనంగా ఇచ్చి కొన్నారు. 1984 మోడల్‌గా కంపెనీ మళ్లీ ఓపెన్ టాప్ తెచ్చింది, పాత కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. అది స్పోర్ట్స్ కారు కాకపోయినా ప్రమాదం ఒకటే. 2016లో పోర్షే 911 ఆర్ మాన్యువల్ గేరుతో 991 కార్లకే పరిమితమని వచ్చింది. ధరలు కొన్ని రెట్లు ఎగిశాయి. మరుసటి ఏడే జీటీ3 టూరింగ్ మాన్యువల్ గేరుతో వచ్చేసరికి ఆ ధరలు దిగొచ్చాయి.

కాబట్టి మూడు విషయాలు అడగండి. ఇంజిన్, గేరు, సస్పెన్షన్‌లో నిజంగా తేడా ఉందా, లేక రంగూ స్టిక్కరేనా? రేసులో దిగాలంటే ఇన్ని కార్లు అమ్మాలన్న నిబంధన కోసం తప్పనిసరై కట్టిన కారా? కంపెనీ తలుచుకుంటే రేపు మళ్లీ తయారు చేయగలదా?

## ఏ కారు అని ఎంచుకునేటప్పుడు

ఒకే మోడల్లో ఏ వెర్షన్‌కు ఎక్కువ పలుకుతుంది?

రేసులో దిగడానికి కావాల్సినన్ని కార్లు అమ్మాలన్న నిబంధన వల్ల పుట్టినవి ముందు వరుసలో ఉంటాయి. 1973 పోర్షే 911 కరేరా ఆర్ఎస్ 2.7 కు కావాల్సింది 500, తయారైంది 1,580. అయినా మామూలు 911లకు అందనంత ఎత్తులో ఉంది. బీఎండబ్ల్యూ ఈ30 ఎం3 దాదాపు 18 వేలు తయారైనా, గ్రూప్ ఏ (మార్కెట్లో అమ్మే కార్ల ఆధారంగా జరిగే) రేసుల కోసం పుట్టిన కారు గనక మామూలు ఈ30 ధరతో దానికి పోలికే లేదు.

తర్వాత చూసేది మాన్యువల్ గేరు. ఆటోమేటిక్ కూడా దొరికిన మోడల్లో మాన్యువల్‌కే ఎక్కువ. ఆ పైన బరువు తగ్గించిన వెర్షన్లు. హోండా ఎస్2000 మొత్తం లక్షకు పైగా తయారైతే, అమెరికాలో అమ్మిన సీఆర్ వెర్షన్ 699 మాత్రమే. తొలి ఏడాది, చివరి ఏడాది కార్లకు కొంచెం ఎక్కువే వస్తుంది గానీ అదొక్కటీ చూసి కొనేంత తేడా కాదు.

మార్పులు చేసిన కారు చవకగా వస్తోంది, తీసుకోవచ్చా?

అసలు భాగాలన్నీ కారుతోపాటు డబ్బాల్లో ఇస్తే ఆలోచించండి. వీల్స్, సైలెన్సర్, స్టీరింగ్, సీట్లు, ఎయిర్ బాక్స్, ఇంజిన్ కంప్యూటర్ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. బాడీ కోసి వెడల్పు చేసినదీ, రోల్ కేజీ (లోపలి రక్షణ ఇనుప చట్రం) వెల్డింగ్ చేసినదీ వెనక్కి తేవడం దండగ. 1990ల టయోటా సుప్రా టర్బోలో ఫ్యాక్టరీ రూపంలో మిగిలినవాటికి అంత ధర రావడానికి కారణం, మిగతావాటిని జనం మార్చేయడమే.

రేపు ఏ కార్లకు గిరాకీ వస్తుందో ముందే తెలుస్తుందా?

కచ్చితంగా తెలియదు గానీ ఒక ఆనవాలుంది. పదిహేనేళ్ల వయసులో గోడకు అంటించుకున్న పోస్టరులోని కారును మనిషి నలభైల్లో, చేతిలో డబ్బు ఆడేటప్పుడు వెతుక్కుంటాడు. ఆ తరం వయసు మీరితే గిరాకీ కూడా మెల్లగా చల్లారుతుంది. చట్టాలూ ధరను కదిలిస్తాయి. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కారును అక్కడి భద్రతా ప్రమాణాలతో పని లేకుండా దిగుమతి చేసుకోవచ్చు. 1989 నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32కు ఆ గేటు 2014లో, 1999 ఆర్34కు 2024లో తెరుచుకుంది. గేటు తెరుచుకునే నాటికి కొనడానికి వెళితే ఆలస్యమే. అమ్మేవాళ్లకూ క్యాలెండరు తెలుసు.

విడిభాగాలు దొరక్కపోతే ఎలా?

ఎక్కువ సంఖ్యలో తయారైన కారుకున్న అసలు బలం ఇక్కడుంది. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ అయిదు లక్షలకు పైగా తయారైంది గనక కొత్త బాడీ షెల్ సహా దాదాపు ప్రతి భాగం ఇప్పటికీ దొరుకుతుంది. మాజ్డా 2017లో మొదటి తరం ఎంఎక్స్-5 కోసం పాత భాగాలను తిరిగి తయారు చేయడం మొదలుపెట్టింది. ఇబ్బంది ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న కార్లతోనే. ఏబీఎస్ మాడ్యూల్, డిజిటల్ మీటరు, టచ్ స్క్రీన్ పోయి కొత్తవి రాకపోతే మిగతా కారు ఎంత బాగున్నా అమ్మకం నిలిచిపోతుంది. కొనకముందే ఆ మూడింటికీ రిపేరు చేసేవారున్నారో లేదో కనుక్కోండి.

## కారు ముందు నిలబడినప్పుడు

అసలు రంగేనా, మళ్లీ వేయించారా అని ఎలా తెలుసుకోవాలి?

రంగు మందం కొలిచే గేజీ పట్టుకెళ్లండి. ప్రతి ప్యానెల్ మీద అయిదారు చోట్ల కొలవండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 200 దాటితే పైన ఇంకో పూత పడినట్టే. 500 దాటితే కింద పుట్టీ ఉందని అనుకోండి. ఒక్క డోరు తేడాగా ఉంటే గీత పడి ఉండొచ్చు. రూఫు, స్తంభాలు తేడాగా ఉంటే పెద్ద దెబ్బ తగిలి ఉండొచ్చు. అల్యూమినియం మీద ఇనుముకు మాత్రమే పనికొచ్చే గేజీ చదవదు. మొదటి తరం ఎంఎక్స్-5 బానెట్ అల్యూమినియమే, హోండా ఎన్ఎస్ఎక్స్ బాడీ అంతా అల్యూమినియం. కార్వెట్ లాంటి ఫైబర్ బాడీకి మామూలు గేజీ ఏదీ పనికిరాదు.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని మడ్‌గార్డు బోల్టులు చూడండి. ఫ్యాక్టరీలో బిగించాక రంగు వేసిన బోల్టు తల మూలల మీద రంగు చెదరదు. పానా పడితే మూలల్లో లోహం మెరుస్తుంది. అద్దాల మూలన ముద్రించిన తేదీ కోడ్‌లు, సీటు బెల్టు అడుగున కుట్టిన తేదీ, కారు తయారీ నెల దగ్గరదగ్గరగా ఉండాలి. అమెరికా మార్కెట్‌కు వెళ్లిన చాలా స్పోర్ట్స్ కార్లలో డోర్లు, బానెట్, మడ్‌గార్డుల మీద ఛాసిస్ నంబరుతో చిన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒక్కటి లేకపోయినా ఆ ప్యానెల్ మార్చారో, రంగు వేశారో అడగాల్సిందే.

తుప్పు ఎక్కడ వెతకాలి?

నీళ్లు నిలిచే చోట. ఎంఎక్స్-5లో సీట్ల వెనక, టాప్ మీది నీళ్లు కిందికి పోవడానికి రెండు గొట్టాలుంటాయి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీళ్లు గుమ్మం కింది పెట్టెలోకి దిగుతాయి. తుప్పు లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది, వెనక చక్రానికి కాస్త ముందు రంగు పొక్కుతుంది. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కండి. పొడిపొడిగా శబ్దమైనా, లోపలికి లొట్టపోయినా లోపల లోహం మిగల్లేదన్నట్టే. కారును లిఫ్ట్ ఎక్కించకుండా బేరం మాట్లాడకండి. కింద కొత్తగా నల్లటి అండర్ కోటింగ్ మెరుస్తుంటే అమ్మకం కోసమే పూశారేమో నిలదీయండి.

ఫలానా మోడల్‌కు ఫలానా జబ్బు ఉందంటారు, నిజమా?

కొన్ని నిజమే, అవి తెలియకుండా కొంటే ఒక్క రిపేరుకే పదేళ్ల లాభం పోతుంది.

పోర్షే 944లో టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లను గుద్దుకుని వంగిపోతాయి. ఆ బెల్టు, బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టు మార్చిన రసీదు తేదీతో చూపించకపోతే మార్చలేదనే లెక్కవేసి ధర తగ్గించండి. పోర్షే 996 (911లో ఒక తరం), మొదటి బాక్స్‌టర్‌లలో ఇంజిన్ లోపలి మధ్య షాఫ్ట్‌ను మోసే ఐఎంఎస్ బేరింగ్ పాడైతే లోహపు పొడి ఆయిల్‌లో కలిసి ఇంజిన్ మొత్తాన్ని నాశనం చేస్తుంది. ఆయిల్ ఫిల్టరు కోసి మడతల్లో మెరిసే రేణువులు ఉన్నాయేమో చూడాలి. క్లచ్ మార్చడానికి గేర్ బాక్స్ ఎలాగూ దించుతారు గనక బేరింగ్ కూడా అప్పుడే మార్పించుకుంటే కూలీ కలిసొస్తుంది.

1991 మధ్య దాకా వచ్చిన ఎంఎక్స్-5లలో క్రాంక్ ముక్కు (పుల్లీ బిగించే క్రాంక్ షాఫ్ట్ ముందు కొన) పొట్టిది. బోల్టు సరిగా బిగించకపోతే కీ దారి అరిగి పుల్లీ ఊగుతుంది. ఇంజిన్ నిదానంగా ఆడుతుండగా టార్చి వేసి పుల్లీని చూడండి. హోండా ఎస్2000 తొలి రకం 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, కొన్ని ఆయిల్ బాగా తాగుతాయి. కారు చల్లగా ఉన్నప్పుడే డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం కనిష్ఠ గుర్తు కిందుంటే ఓనర్ ఎంత శ్రద్ధ పెట్టాడో అదే చెబుతుంది.

కాగితాలు అంత ముఖ్యమా?

చాలా. పూర్తి రికార్డున్న కారుకూ లేని కారుకూ ధరలో గట్టి తేడా వస్తుంది. ప్రతి బిల్లు మీదా తేదీ, మీటరు రీడింగ్ చూసి వరసగా ఒక కాగితం మీద రాయండి. మధ్యలో రీడింగ్ వెనక్కి వెళ్లిందంటే మీటరు తిప్పారు. నాలుగేళ్లు ఖాళీ ఉంటే కారు ఎక్కడ, ఎందుకు ఆగిందో అడగండి. ఇంజిన్ మీది నంబరును రిజిస్ట్రేషన్ కాగితంతో స్వయంగా పోల్చండి, ఫోటో పంపిస్తే నమ్మకండి. రెండో తాళం, పనిముట్ల సంచి, జాకీ, ఓనర్ పుస్తకం, టాప్ కవరు ఉన్నాయా చూడండి. విడిగా కొనబోతే వీటికి ఆశ్చర్యపోయేంత అడుగుతారు.

## కొన్నాక, ఉంచుకునే రోజుల్లో

ఎన్ని కిలోమీటర్లు తోలితే విలువ పడిపోదు?

ఇప్పటికే 80 వేలు తిరిగిన కారును ఏడాదికి 2 వేలు తోలినా ధర చెక్కు చెదరదు. 3 వేలే తిరిగిన కారుకు మాత్రం ప్రతి వెయ్యీ కనిపిస్తుంది. తోలాలనుకుంటే ముందే కాస్త తిరిగిన, రికార్డు బాగున్న కారు కొనడం తెలివైన పని. ధర తక్కువ, తోలినా బాధ ఉండదు.

వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపితే చాలా?

అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ నీరు సైలెన్సర్‌లో, ఆయిల్‌లో ఉండిపోతుంది. సైలెన్సర్ లోపల్నుంచి తుప్పు పడుతుంది, ఆయిల్ మూత అడుగున తెల్లటి మీగడలాంటిది చేరుతుంది. ఇంజిన్ నీటి వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, అది 80–90 డిగ్రీలు చేరడానికి ఇంకా సమయం పడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి అరగంట రోడ్డు మీద తోలండి. కుదరకపోతే స్టార్ట్ చేయకుండా వదిలేయడమే నయం.

నెలల తరబడి షెడ్డులో పెట్టాలంటే ఏమేం చేయాలి?

ముందు ఆయిల్ మార్చండి. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తింటాయి. ట్యాంకు నిండా పోయించి స్టెబిలైజర్ కలపండి, అది అంతటా చేరేలా పావుగంట తోలండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీలుస్తుంది, ట్యాంకు నిండుగా ఉంటే ఆ గాలికి చోటుండదు. టైర్లలో మామూలు కన్నా 5 పీఎస్ఐ ఎక్కువ కొట్టండి. హ్యాండ్ బ్రేకు వేయకండి, ప్యాడ్లు అంటుకుపోతాయి. చక్రాలకు చెక్కదిమ్మలు పెట్టండి. బ్యాటరీకి దానంతటదే ఆగే రకం ఛార్జరు తగిలించండి. సైలెన్సర్ నోటికి, గాలి పీల్చే గొట్టానికి స్టీలు పీచు కుక్కితే ఎలుకలు దూరవు, కానీ తీయాలని గుర్తుచేసే చీటీ స్టీరింగ్‌కు కట్టండి. షెడ్డులో తేమ 40–55 శాతం మధ్య ఉండాలి. గాలి ఆడే గుడ్డ కవరే వాడండి, ప్లాస్టిక్ పట్టా కప్పితే కింద చెమట పట్టి రంగు పొక్కుతుంది.

తోలినా తోలకపోయినా బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటిన టైరు గీతలు ఎంత లోతుగా ఉన్నా రోడ్డెక్కకూడదు. అసలు కంపెనీ టైర్లయితే పారేయకుండా పక్కన పెట్టండి, ప్రదర్శనకు పనికొస్తాయి.

గీతలున్నాయి, మొత్తం రంగు వేయిస్తే ధర పెరుగుతుందా?

చాలాసార్లు తగ్గుతుంది. ఫ్యాక్టరీ రంగు కారుకు ఒక్కసారే ఉంటుంది. చిన్న గీతలను పాలిష్‌తో, టచప్‌తో సరిపెట్టండి. రంగు ఊడిపోయి లోహం కనిపిస్తే మాత్రం ఆ ఒక్క ప్యానెల్‌కే వేయించి, ముందూ తర్వాతా ఫోటోలు దాచండి.

మామూలు బీమా సరిపోదా?

సరిపోదు. మామూలు పాలసీ ఏటా విలువ తగ్గించుకుంటూ పోతుంది. ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ తీసుకుని, మదింపు పత్రాన్ని రెండేళ్లకోసారి మార్పించండి.

## అమ్మేటప్పుడు

ఎప్పుడు అమ్మాలి?

అందరూ ఆ కారు గురించే మాట్లాడుతూ, ధరలు వరసగా పెరుగుతున్నప్పుడు. 1980ల చివర్లో క్లాసిక్ కార్ల ధరలు ఆకాశాన్నంటాయి, 1990 తర్వాత కుప్పకూలాయి. అప్పులు చేసి కొన్నవాళ్లు ఎంతొస్తే అంతకు అమ్ముకున్నారు. శిఖరం ఎక్కడుందో పట్టుకోవాలని చూడకండి, మీ ఖర్చులు దాటి మీరనుకున్న లాభం వచ్చిన రోజు చాలు. ఓపెన్ టాప్ కారైతే చలికాలం పోయే రోజుల్లో పెట్టండి.

వేలంలో పెట్టాలా, నేరుగా అమ్మాలా?

రికార్డు పూర్తిగా ఉండి, ముట్టని స్థితిలో ఉన్న కారుకు వేలం మేలు, ఇద్దరు పట్టుబడితే చాలు ధర ఎగురుతుంది. మామూలు కారుకు రుసుములు పోను నేరుగా అమ్మిందే ఎక్కువ మిగలొచ్చు. ఆన్‌లైన్ వేలంలో కనీస ధర మరీ ఎత్తుగా పెట్టకండి. అమ్ముడుపోకపోతే చివరి పాట అందరికీ కనిపిస్తూ ఉండిపోతుంది, తర్వాత వచ్చే ప్రతి కొనుగోలుదారూ బేరం అక్కడి నుంచే మొదలుపెడతాడు.

ప్రకటనలో ఏమేం పెట్టాలి?

వంద ఫోటోలకు తక్కువ వద్దు. అడుగు భాగం, గుమ్మాల లోపలి అంచులు, బోల్టు తలలు, టైర్ల తేదీలు, ప్రతి ప్యానెల్ మీద గేజీ రీడింగు కనిపించేలా తీయండి. రాత్రంతా ఆగిన ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేసే వీడియో పెట్టండి, మధ్యలో కోత లేకుండా. లోపాలను మొదటి పేరాలోనే రాయండి. దాచిన లోపాన్ని పరీక్షలో పట్టుకున్న కొనుగోలుదారు ఆ ఒక్కదానికే ధర తగ్గించి ఊరుకోడు, మీరు చెప్పిన మిగతా మాటలన్నిటికీ తగ్గిస్తాడు.